చెట్టుకు పిలవని చుట్టాలు

ఆవగింజంత కూడా ఉండదు. పాస్‌పోర్టు లేదు, వీసా అసలే లేదు. అయినా ఆస్ట్రేలియా నుంచి బయల్దేరి ఆసియా, ఐరోపా, ఆఫ్రికా, అమెరికాలను చుట్టేసింది. జామాయిల్ ఆకు మీద చిన్న బొడిపెగా మొదలై, తోటకు తోటనే గిడసబార్చింది. అదొక్కటే కాదు... దేశం దాటి, సముద్రం దాటి వస్తున్న ఇలాంటి పురుగులెన్నో మన చెట్ల మీద వాలుతున్నాయి. వేడెక్కుతున్న భూమి వాటికి దారి చూపుతోంది.

కృష్ణ ఒడ్డున వేదాద్రి. జ్వాల, సాలగ్రామ, వీర, యోగానంద, లక్ష్మీనరసింహ... ఇలా 5 రూపాల్లో నరసింహస్వామి కొలువైన పుణ్యక్షేత్రం. జగ్గయ్యపేట నుంచి ఆ గుట్ట దాకా, అటు నుంచి నందిగామ వైపు వెళ్తుంటే దారి పొడవునా మిర్చి, పత్తి చేలు కనిపిస్తాయి. మధ్యమధ్యలో వరసలు తీర్చినట్టు నిలబడ్డ సుబాబుల్, జామాయిల్ తోటలు. దూరం నుంచి చూస్తే అడవే అనిపిస్తుంది. నిజానికది నాటిన అడవి. ఒకప్పుడు కృష్ణా జిల్లా మెట్టప్రాంతం, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో భాగమైన ఈ నేలలో చాలా కుటుంబాలకు ఆ చెట్లే బ్యాంకు ఖాతా. పత్తి ముంచినా, మిర్చి దెబ్బతీసినా మూడు నాలుగేళ్లకోసారి కర్ర కొట్టి కాగితం మిల్లుకు తోలితే పిల్లల చదువుకో, అమ్మాయి పెళ్లికో ఆసరా. కొట్టిన మోడు నుంచే మళ్లీ చిగుళ్లు వస్తాయి కాబట్టి తిరిగి నాటే పని కూడా ఉండదు.

మరి అలాంటి చెట్టుకే పురుగు పడితే?

చెట్టు ముందు... పురుగు వెనక!

సుబాబుల్ మన చెట్టు కాదు. మధ్య అమెరికా, మెక్సికో ప్రాంతాల నుంచి వచ్చింది. 'మంచి తుమ్మ' అనే అర్థంలో ఆ పేరు పెట్టుకున్నాం. జామాయిల్ ఆస్ట్రేలియాది. టిప్పుసుల్తాన్ కాలంలో, అంటే 1790 ప్రాంతంలో బెంగళూరు దగ్గర నందికొండల్లో తొలిసారి నాటారంటారు. ఈ చెట్లు ఇక్కడ ఏపుగా పెరగడానికి మన నేల, మన ఎండ ఎంత కారణమో మరో సంగతీ అంతే కారణం. అవి వచ్చేటప్పుడు వాటిని తినే పురుగులు వెంట రాలేదు. విత్తనం ఒక్కటే సంచీలో పడి వచ్చింది. శత్రువు పుట్టింట్లోనే ఉండిపోయింది.

ఆ సుఖం కలకాలం సాగలేదు. సుబాబుల్ లేత చిగుళ్లలో రసం పీల్చే సిల్లిడ్ అనే గెంతే పేను 1983లో అమెరికాలోని ఫ్లోరిడాలో కనిపించింది. మరుసటి ఏడాదికల్లా హవాయి దీవులు చేరింది. అక్కణ్నుంచి ఒక్కో దీవీ దాటుకుంటూ 1986లో ఇండొనేషియా, 1987లో శ్రీలంక... 1988లో దక్షిణ భారతంలో దిగింది. భూగోళంలో సగం దూరాన్ని అయిదేళ్లలో చుట్టేసిందన్నమాట. చిగురు మీద చీమ తలకాయంత పురుగులు వందల్లో చేరి రసం పీలుస్తుంటే లేత ఆకులు ముడుచుకుపోయి రాలిపోయేవి. పశువుల మేతకని సుబాబుల్ వేసుకున్న రైతులు లబోదిబోమన్నారు.

అప్పుడు మన శాస్త్రవేత్తలు మందు డబ్బా కోసం పరుగెత్తలేదు. మరో పురుగును పిలిపించారు. కురైనస్ అనే నీలిరంగు అక్షింతల పురుగు హవాయిలో ఈ పేనును ఇష్టంగా తింటోందని తెలిసింది. దాన్ని 1988లోనే థాయిలాండ్ నుంచి బెంగళూరుకు తెప్పించి, పెంచి వదిలారు.

ఇక్కడో తమాషా ఉంది. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో సుబాబుల్ జోరుగా విస్తరించింది ఆ పేను దేశంలోకి వచ్చాకే! అదెలా సాధ్యం? మేలు చేసే పురుగుల సాయం ఒక కారణం. రెండోది మన ఎండ. ఈ సిల్లిడ్‌కు చల్లదనం కావాలి. వానలు వెనకబట్టాక, చలికాలంలో విజృంభిస్తుంది. ఎండలు ముదిరితే సంఖ్య పడిపోతుంది. రాష్ట్రంలో ఎండలు మండే ఊళ్ల జాబితాలో నందిగామ పేరు తరచూ కనిపిస్తుందని పేపరు చదివే అందరికీ తెలుసు. మనల్ని వేయించే ఆ ఎండే సుబాబుల్‌కు కాపలా కాసింది.

బొడిపె కట్టిన తోటలు

జామాయిల్ కథ వేరు. 2000 సంవత్సరం ప్రాంతంలో ఇజ్రాయెల్, దాని చుట్టుపక్కల దేశాల్లో జామాయిల్ ఆకుల మీద వింత బొడిపెలు కనిపించాయి. ఆకు మధ్య ఈనె, తొడిమ, లేత కొమ్మ... అన్నీ ఉబ్బిపోయి మెలితిరిగేవి. కారణం ఓ చిట్టి కందిరీగ. పొడవు మిల్లీమీటరు పైచిలుకు. అప్పటికి శాస్త్రానికే తెలియని జాతి అది. 2004లో దానికి లెప్టోసైబ్ ఇన్వేసా అని పేరు పెట్టారు. ఇన్వేసా అంటే దండెత్తి వచ్చేదని! పేరు ఊరికే పోలేదు. 2007కల్లా బ్రెజిల్, చైనా, దక్షిణాఫ్రికా చేరింది. 2008లో ఫ్లోరిడాలోనూ కనిపించింది.

మన దేశంలో దీన్ని తొలుత గుర్తించింది 2001లో, కర్ణాటకలోని మాండ్యలో. అక్కణ్నుంచి తమిళనాడు, ఆంధ్రప్రదేశ్‌ల తోటల్లోకి పాకింది. ఆడ కందిరీగ లేత ఆకు ఈనెలో గుడ్డు పెడుతుంది. పుట్టిన పిల్ల పురుగు చుట్టూ చెట్టే ఓ బొడిపె కట్టిపెడుతుంది. దానికి అదే ఇల్లు, అదే అన్నం. బొడిపె మొదట పచ్చగా, తర్వాత గులాబీ రంగులో, చివరికి ముదురు ఎరుపులోకి తిరుగుతుంది. మామూలు వేడిలో గుడ్డు నుంచి కందిరీగ బయటికి రావడానికి నాలుగు నెలలకు పైగా పడుతుంది. మరో విశేషం... గుడ్లు పెట్టడానికి వీటికి మగతోడు అవసరం దాదాపు లేదు. నర్సరీ మొక్క మీద ఒక్క ఆడ పురుగు లారీ ఎక్కితే చాలు, కొత్త ఊళ్లో కాపురం మొదలైనట్టే.

పెద్ద చెట్టును ఇది చంపలేదు. దీని ప్రతాపమంతా నర్సరీ మొక్కల మీద, రెండు మూడేళ్లలోపు తోటల మీద. మొక్క ఎదగదు. పొదలా గిడసబారిపోతుంది. నాలుగేళ్లకు రావాల్సిన కర్ర రాదు.

ఇంత దెబ్బ ఎందుకు తగిలింది? దానికి సమాధానం మన తోటల్లోనే ఉంది. 1989 నుంచి భద్రాచలం కాగితం మిల్లు ఎక్కువ దిగుబడినిచ్చే జామాయిల్ చెట్లను ఎంపిక చేసి, వాటి కొమ్మల నుంచే మొక్కలు పెంచి ఇచ్చే పద్ధతి తెచ్చింది. వీటినే క్లోన్లు అంటాం. వాటివల్ల రైతుకు దిగుబడి బాగా పెరిగింది. ఆ మేలును కాదనలేం. కానీ ఒకే క్లోన్ అంటే లక్ష మొక్కలైనా నిజానికి ఒక్క చెట్టే. దాని బలం అన్నింటికీ బలం, దాని బలహీనత అన్నింటికీ బలహీనత. కందిరీగకు నచ్చిన క్లోన్ వేసిన తోటల్లో మొక్క మొక్కకూ బొడిపెలే. పక్క తోటలో వేరే క్లోన్ మాత్రం నిక్షేపంగా నిలబడింది. తర్వాత కందిరీగ తట్టుకునే రకాలకు మళ్లారు. చాలామంది రైతులు సుబాబుల్, సరుగుడు వైపు వెళ్లారు.

దీనికీ విరుగుడు పుట్టింట్లోనే దొరికింది. ఈ కందిరీగ పిల్లల్ని తినే మరో బుల్లి కందిరీగల్ని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియాలో వెతికి పట్టుకున్నారు. అందులో క్వాడ్రాస్టికస్ మెండెలి అనేదాన్ని మన దేశంలోనూ ప్రవేశపెట్టారు. స్థానికంగా ఉన్న మెగాస్టిగ్మస్ జాతి కందిరీగలు కూడా బొడిపెల్లో దూరి కొత్త శత్రువును తినడం నేర్చుకున్నాయి. ఇప్పుడు దాని ఉద్ధృతి తొలి రోజుల్లోలా లేదు. కానీ పోలేదు.

వేడికీ పురుగుకూ ఏంటి లింకు?

మన ఒళ్లు ఎండలోనైనా చలిలోనైనా 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. పురుగుకు ఆ సౌకర్యం లేదు. బయట ఎంత వేడో దాని ఒంట్లోనూ దాదాపు అంతే. వేడి పెరిగేకొద్దీ అది తొందరగా తింటుంది, తొందరగా పెరుగుతుంది, తొందరగా గుడ్లు పెడుతుంది. ఏడాదికి 3 తరాలు వచ్చే పురుగుకు 4 తరాలు వస్తే చాలు. ఒక్కో తల్లికి పదేసి పిల్లలు బతికినా సంఖ్య ఎక్కడికి పోతుందో లెక్క వేసుకోండి.

1901 నుంచి 2018 వరకు మన దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో లెక్క చెప్పింది. 1901 తర్వాత మన దేశంలో అత్యంత వేడి సంవత్సరంగా 2024 రికార్డుకెక్కింది. 'అర డిగ్రీ, ముప్పావు డిగ్రీకే అంత రాద్ధాంతమా' అనిపించొచ్చు. పురుగుకు అది చాలా పెద్ద తేడా. 1960 నుంచి పంట తెగుళ్లు, పురుగులు భూమధ్యరేఖ దగ్గర్నుంచి ధ్రువాల దిశగా ఏడాదికి సగటున 2.7 కిలోమీటర్ల చొప్పున జరిగిపోతున్నాయని 2013లో బ్రిటన్ శాస్త్రవేత్తలు తేల్చారు. చలి కంచె కరుగుతోందన్నమాట.

దీనికి కళ్లు చెదిరే సాక్ష్యం కెనడా. అక్కడి పైన్ అడవుల్లో బియ్యపుగింజంత బెరడు పురుగు తరతరాలుగా ఉంది. చలికాలంలో సున్నాకి దిగువన 40 డిగ్రీల దాకా పడిపోయే చలికి దాని పిల్లలు చచ్చిపోయేవి. చలికాలాలు మెత్తబడ్డాక అవి బతికి బట్టకట్టాయి. 1990ల నుంచి మొదలైన ఆ దండయాత్రలో ఒక్క బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోనే కోటీ 80 లక్షల హెక్టార్ల అడవి దెబ్బతింది. అక్కడి కలప పైన్ చెట్లలో సగానికి పైగా పోయాయి. పచ్చని కొండలు తుప్పుపట్టినట్టు ఎర్రబారిపోయాయి. కలప మిల్లులు మూతపడ్డాయి. 2018 తర్వాత వరస కరవులతో జర్మనీ, చెక్ దేశాల స్ప్రూస్ అడవులదీ అదే గతి.

కరవుకూ పురుగుకూ సంబంధం ఏంటంటే... చెట్టు జిగురే దాని ఆయుధం. బెరడు తొలిచే పురుగును జిగురులో ముంచి చంపుతుంది. నీళ్లు లేని చెట్టుకు జిగురు ఊరదు. ఆకలితో ఉన్న మనిషికి రోగం తొందరగా అంటుకున్నట్టే, దాహంతో ఉన్న చెట్టుకు పురుగు తొందరగా పడుతుంది.

అలాగని ఎండలు పెరిగితే పురుగులన్నీ పెరుగుతాయనుకుంటే పొరపాటు. సుబాబుల్ పేను లాంటివాటికి మన వేసవే శత్రువు. కానీ అదే ఎండకు చెట్టు కూడా నీరసిస్తుంది. పురుగును తినే అక్షింతల పురుగులూ మాడిపోతాయి. కాలం కాని కాలంలో పడే వానలకు చెట్లు కొత్త చిగుళ్లు వేస్తాయి. ఆ చిగుళ్ల కోసమే కాచుకున్న పురుగు వాలిపోతుంది. ఎవరు గెలుస్తారన్నది ఏ ఏటికాయేడు తేలాల్సిందే. తాతల నాటి అంచనాలు పనిచేయకపోవడమే అసలు సమస్య.

2021... మరిచిపోలేని ఏడాది

ఆ సంగతి మన ప్రాంతానికి 2021లో తెలిసొచ్చింది. ఆ ఏడాది చివర్లో మిర్చి పూలలో నల్లటి తామర పురుగులు గుంపులుగా కనిపించాయి. గుంటూరు, ప్రకాశం, కృష్ణా, ఖమ్మం, వరంగల్... మిర్చి పండే చోటల్లా అదే గోడు. పువ్వులోనే దూరి తినేయడంతో పూత రాలిపోయింది, కాయ నిలవలేదు. ఎకరాకు లక్ష రూపాయలు దాటి పెట్టుబడి పెట్టిన రైతులు కొన్నిచోట్ల తోటల్ని దున్నేశారు. ఎన్ని మందులు కొట్టినా లొంగని ఆ పురుగు థ్రిప్స్ పార్విస్పైనస్. ఇండొనేషియా, థాయిలాండ్ వైపు నుంచి వచ్చిన చుట్టం. 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద కనిపించింది. ఆరేళ్లు అణగి ఉండి, అదను చూసి మిర్చి మీద పడింది. మందు మీద మందు కొట్టడంతో దాన్ని తినే పురుగులు ముందే పోయాయి. దాంతో దానికి అడ్డే లేకపోయింది.

అదే సమయంలో ఊరూరా వేపచెట్లు కొసల నుంచి ఎండిపోవడం గుర్తుందా? తెలంగాణలోనూ ఆంధ్రలోనూ పచ్చటి వేపలు నిప్పు సెగ తగిలినట్టు మాడిపోయాయి. 'వేపకే జబ్బా... ఏదో అరిష్టం' అని జనం భయపడ్డారు. అది ఫోమాప్సిస్ అనే బూజు తెగులు. చిగుళ్లను కుట్టే టీ దోమ కూడా దానికి తోడైంది. ఈ రెండూ కొత్తగా వచ్చినవి కావు, దేశంలో ఎప్పటినుంచో ఉన్నవే. అంత విస్తారంగా విరుచుకుపడటమే కొత్త. అదృష్టం... చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. తరతరాలుగా తెగులుతో కలిసి బతికిన చెట్టుకు తట్టుకునే శక్తి ఉంటుంది. ఎప్పుడూ చూడని శత్రువు వస్తేనే ప్రమాదం.

అలాంటి శత్రువు అసలైన అడవిలోకి వస్తే? వేదాద్రికి దిగువన కృష్ణ ఒడ్డునే ఉన్న కొండపల్లి అడవుల్ని తలుచుకోండి. కొండపల్లి బొమ్మకు ప్రాణం తెల్లపొణికి చెట్టు. ఒక కళ, కొన్ని వందల కుటుంబాల బతుకు ఒకే ఒక్క చెట్టు మీద ఆధారపడి ఉన్నాయి. జామాయిల్ పోతే సుబాబుల్ వేసుకున్నాం. పొణికి పోతే ఏం వేసుకుంటాం?

మందు కొడితే పోదా?

పోదు. మిర్చి చేలో మందు కొట్టొచ్చు. 40 అడుగుల చెట్టుకు, గుట్టల మీది అడవికి ఎలా కొడతారు? కొట్టినా తేనెటీగలు, పిట్టలు, చెరువులో చేపలు ముందు పోతాయి. బొడిపెలో దాక్కున్న పురుగుకు ఆ మందు అందదు కూడా.

అందుకే పురుగుతోనే పురుగును కట్టడి చేసే దారి. దీనికి మంచి ఉదాహరణ బొప్పాయి పిండినల్లి. 2008లో కోయంబత్తూరులో కనిపించిన ఈ మెక్సికో పురుగు బొప్పాయితోపాటు పట్టు రైతుల మల్బరీ తోటల్నీ తెల్లగా కప్పేసింది. 2010లో ప్యూర్టోరికో నుంచి ఎసిరోఫాగస్ అనే చిట్టి కందిరీగను తెప్పించి వదిలితే కొద్ది నెలల్లోనే అదుపులోకి వచ్చింది. 2016లో పొల్లాచ్చిలో మొదలై మన గోదావరి కొబ్బరి తోటల్ని నల్లగా మార్చిన సర్పిలాకార తెల్లదోమకైతే విరుగుడు కందిరీగ దానంతటదే వెంట వచ్చింది. మందులు కొట్టి దాన్ని చంపుకోవద్దని శాస్త్రవేత్తలు మొత్తుకున్నారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం తెల్లదోమను చంపే మేలు బూజును పెంచి రైతులకు ఇచ్చింది.

అయితే ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. చెరకు పురుగును తింటుందని 1935లో ఆస్ట్రేలియా తెచ్చుకున్న గోదురు కప్ప, చెరకు పురుగును వదిలేసి దేశం మీద పడింది. ఇప్పటికీ దాని బెడద తీరలేదు. అందుకే పరాయి మేలు పురుగును క్వారంటైన్ గదుల్లో పెట్టి, మన పంటల్నీ మన తేనెటీగల్నీ ముట్టదని తేల్చుకున్నాకే వదులుతారు. దానికి సమయం పడుతుంది. ఆ లోపు నష్టం జరిగిపోతుంది. కాబట్టి రాకుండా చూసుకోవడాన్ని మించిన మందు లేదు.

సూట్‌కేసులో ఏముంది?

ఈ పురుగులు ఎగిరి వచ్చే దూరం కొంతే. ఎక్కువ దూరం మనమే మోసుకొస్తాం. మొక్కల్లో, పండ్లలో, సరుకు పెట్టెల చెక్కల్లో. అమెరికాలోని డెట్రాయిట్ ప్రాంతంలో 2002లో బయటపడిన పచ్చ బెరడు పురుగు ఆసియా నుంచి చెక్క పెట్టెల్లో వచ్చిందనే అంటారు. అది కోట్లాది యాష్ చెట్లను చంపింది. అందుకే ఇప్పుడు విదేశాలకు వెళ్లే చెక్క పెట్టెల్ని 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచడంలాంటి శుద్ధి చేసి ముద్ర వేయాలన్నది అంతర్జాతీయ నిబంధన.

మన దేశంలోనూ 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ఉంది. దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విదేశీ మొక్క, విత్తనం తేకూడదు. కానీ సింగపూర్ నుంచి వచ్చే కోడలు అందమైన క్రోటన్ కొమ్మను తడి గుడ్డలో చుట్టి తెస్తే? డాలస్ నుంచి వచ్చే అబ్బాయి అమ్మకోసం గులాబీ అంటు సూట్‌కేసులో దాస్తే? ప్రేమగా తెచ్చిన ఆ కొమ్మ మీద ఏ గుడ్డు అంటుకుని ఉందో ఎవరికి తెలుసు?

మనమేం చేయొచ్చు?

* విదేశాల నుంచి వచ్చేవాళ్లకు మొక్కలు, విత్తనాలు, పచ్చి కాయలు తేవద్దని చెప్పండి. చీర తెచ్చినా చాక్లెట్ తెచ్చినా ఇబ్బంది లేదు.

* నర్సరీ మొక్కను తేగానే పాత కుండీల మధ్య పెట్టకండి. రెండు వారాలు విడిగా ఉంచి ఆకు అడుగు భాగం గమనించండి.

* కర్ర తోట వేసేవాళ్లు పొలమంతా ఒకే క్లోన్ వేయొద్దు. రెండు మూడు రకాలు కలిపితే ఒకటి దెబ్బతిన్నా ఇంకోటి నిలుస్తుంది. గట్ల వెంట వేప, కానుగ, చింత ఉంటే మేలు పురుగులకు నీడ.

* బొడిపెలు కట్టిన నారును చవగ్గా వస్తోందని కొనొద్దు. పురుగును కూడా కొన్నట్టే.

* ఎప్పుడూ చూడని పురుగు చెట్ల మీద గుంపుగా కనిపిస్తే ముందు ఫొటో తీయండి. వ్యవసాయ, ఉద్యాన అధికారులకో, జగ్గయ్యపేట దగ్గరి గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రానికో చూపించండి. మందు కొట్టడం ఆ తర్వాత. తొలి నెలలో తెలిస్తే కట్టడి చేయొచ్చు. ఏడాదికి తెలిస్తే కలిసి బతకాల్సిందే.

ప్రపంచవ్యాప్తంగా పుట్టిన చోటు వదిలి వేరే చోట స్థిరపడిన జీవజాతులు 37 వేలకు పైనేనని, వాటిలో 3500కు పైగా హాని చేస్తున్నాయని 2023లో ఐక్యరాజ్యసమితి అండతో పనిచేసే శాస్త్రవేత్తల బృందం లెక్కగట్టింది. ఆ జాబితాలో రేపు చేరే పేరు ఏ ఓడలో, ఏ పెట్టెలో బయల్దేరిందో చెప్పలేం. భూమి వేడిని మన ఊళ్లో మనం ఒక్కళ్లమే తగ్గించలేం. తలుపు దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండగలం. ఇంటికి చుట్టం వస్తే నాలుగు రోజులుండి వెళ్తాడు. చెట్టుకు వచ్చిన ఈ చుట్టాలకు తిరుగు ప్రయాణం ఉండదు!